చేతి తిండి మానిన చిలుక పిల్ల ఇంటికొచ్చాక: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా చిలుక పిల్లని తెచ్చుకున్నవాళ్లు ముందుగా అడిగేది మాటల గురించే. ఎప్పుడు మాట్లాడుతుంది, ఏం నేర్పాలి అని. మొదటి రెండు వారాలు మాత్రం పట్టించుకోవాల్సింది ఒక్కటే: దాని కడుపు నిండుతోందా లేదా. బ్రీడర్ (పక్షుల్ని పెంచి అమ్మేవాళ్లు) దగ్గర చక్కగా తిన్న పిల్ల కొత్తింట్లో తినడం మానేయొచ్చు. చిన్న పక్షికి ఒకటిన్నర రోజు పస్తు కూడా ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఇక్కడ తిండి, బరువు గురించే ఎక్కువ రాశాను. ఉదాహరణలు చాలావరకు కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న రకం చిలుక) పిల్లవి. మన ఊళ్లలో మొదటిసారి పెంచేవాళ్లు ఎక్కువగా తెచ్చుకునేది అదే. కన్యూర్, లవ్‌బర్డ్, ఆఫ్రికన్ గ్రే లాంటి వేరే విదేశీ చిలుకల పిల్లలకీ చాలా సంగతులు ఇలాగే ఉంటాయి.

"సెల్ఫ్ ఈటింగ్" అని చెప్పి ఇచ్చారు. నిజంగా చేతి తిండి మానిందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు వయసు అడగండి. కాకటీల్ సుమారు 8 నుంచి 10 వారాలకి సొంతంగా తింటుంది. బడ్జీలు (ఇంకా చిన్న రకం చిలుకలు) 5, 6 వారాలకే తింటాయి. చిన్న కన్యూర్లకి 8 నుంచి 10 వారాలు, ఆఫ్రికన్ గ్రేకి 12 నుంచి 16 వారాలు పట్టొచ్చు. పెద్ద మకావ్‌లకి ఇంకా ఎక్కువే. ఇవి అంచనాలు మాత్రమే. ఒకే గూట్లో పుట్టిన తోబుట్టువుల మధ్య కూడా వారం తేడా ఉంటుంది.

వయసు కన్నా ముఖ్యం, దాన్ని తింటుండగా మీ కళ్లతో చూడటం. బ్రీడర్ దగ్గరే ఒక కొర్ర కంకి ఇప్పించి పక్కన నిలబడి చూడండి. తినడం రాని పిల్ల కంకిని కొరికి, పీకి, కింద పడేసి ఆడుకుంటుంది. తినడం వచ్చిన పిల్ల ఒక్కో గింజని ముక్కులో తిప్పి, నాలుకతో పొట్టు తోసేసి, పప్పు మింగుతుంది. పొట్టు ముక్కు అంచున అంటుకుని కనిపిస్తుంది. అయిదు నిమిషాలు చూస్తే తేడా తెలిసిపోతుంది.

తర్వాత బ్రీడర్‌ని నాలుగు విషయాలు అడిగి రాసుకోండి. చివరిసారి ఫార్ములా (పిల్లలకి సిరంజితో పెట్టే చేతి తిండి) ఎప్పుడు పెట్టారు? ఇప్పుడు ఏమేం తింటోంది? ఏ రంగు, ఏ ఆకారం గిన్నెలో పెడుతున్నారు? ఈ రోజు బరువెంత? కనీసం వారం రోజులుగా చేతి తిండి లేకుండా బరువు నిలబెట్టుకున్న పిల్లనే సెల్ఫ్ ఈటింగ్ అనాలి. "నిన్నటి నుంచి మానేసింది" అంటే మరో వారం అక్కడే ఉంచమని అడగండి. మంచి బ్రీడర్ ఆ మాటకి సంతోషిస్తాడు.

చేతి తిండి మానని పిల్ల తక్కువ ధరకి వస్తోంది. మేమే సిరంజితో పెడితే బాగా మచ్చిక అవుతుంది కదా?

దయచేసి ఆ పని చేయకండి. ఫార్ములా 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 43 దాటితే క్రాప్ (మెడ కింద తిండి నిలవ ఉండే సంచి) లోపల కాలిపోతుంది. ఆ గాయం పైకి కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. చల్లారిపోతే తిండి అరగక క్రాప్‌లోనే పులిసిపోతుంది. సిరంజి కోణం తప్పితే ఫార్ములా ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చేతిలోనే చనిపోవచ్చు. చేయి తిరిగినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని ఇది, వీడియో చూసి వచ్చేది కాదు.

మచ్చిక సంగతికొస్తే, అది సిరంజి వల్ల రాదు. చేతుల మీద పెరిగి, తినడం నేర్చుకుని వచ్చిన పిల్ల మీతో ఓపికగా గడిపితే అంతే దగ్గరవుతుంది.

ఇంటికి తెచ్చిన మొదటి రోజు ఏం చేయాలి?

వీలైతే పొద్దున్నే తీసుకురండి. చీకటి పడేలోపు కొత్త చోటు చూసుకోవడానికి, రెండు మూడుసార్లు తినడానికి దానికి టైమ్ దొరుకుతుంది. సాయంత్రం వచ్చిన పిల్ల భయంతో తినకుండానే పడుకుంటుంది.

పంజరం ముందే సిద్ధంగా ఉండాలి. బ్రీడర్ పెట్టే తిండే, వీలైతే అదే గిన్నెలో పెట్టండి. మొదటి వారం గిన్నెలు పైన తగిలించకుండా పంజరం అడుగున పెట్టి, కింద ఒక కొర్ర కంకి పడేయండి. పిల్లలు మొదట నేల మీద వెతుక్కునే తింటాయి. నీళ్లు వెడల్పాటి లోతు తక్కువ గిన్నెలో ఉంచండి. అది ఇదివరకు బాటిల్‌తో తాగేదైతే బాటిల్ కూడా పెట్టండి.

చుట్టాలని, పక్కింటి పిల్లల్ని ఆ రోజు పిలవకండి. "ఒక్కసారి చేతిలో పెట్టండి" అంటారు అందరూ. మూడు రోజులాగి రమ్మని చెప్పండి, నొచ్చుకోరు. మీరు మాత్రం దగ్గర్లోనే కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుతూ మీ పని చూసుకోండి.

ఇంటికొచ్చాక ఒకటే ఏడుపు. తల ఊపుతూ, రెక్కలు వణికిస్తూ నోరు తెరుస్తోంది. సరిగ్గా తినడం లేదు. ఏమైంది?

ఎక్కువమంది కంగారుపడేది ఇక్కడే. ఇలా జరగడం మామూలే. చోటు మారింది, తోబుట్టువులు లేరు, తెలిసిన మనిషి లేరు. అలాంటప్పుడు పిల్ల ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ తినిపించమని అడుగుతుంది. అది మొండితనం కాదు. "అలవాటైపోతుంది, ఆకలేస్తే అదే తింటుంది" అని వదిలేయడం మాత్రం ప్రమాదం. చిలుక పిల్ల ఆకలితో నేర్చుకోదు, నీరసపడి అడగడమే మానేస్తుంది. ఏడ్చి ఏడ్చి ఒక్కసారిగా నిశ్శబ్దమైతే తేరుకుందని అనుకోకండి, వెంటనే బరువు చూడండి.

చేయాల్సింది ఇది. పొద్దున, సాయంత్రం గోరువెచ్చని మెత్తని తిండి మీ వేళ్లతోనో చెంచాతోనో అందించండి. ఉడికించి మెదిపిన చిలగడదుంప, గుమ్మడి, క్యారెట్, ఉడికిన గుడ్డు, వేడి నీళ్లలో నానబెట్టిన పెల్లెట్స్ (పక్షుల కోసం గుళికల్లా తయారుచేసి అమ్మే తిండి), ఏదైనా సరే. చేతి వెనక వేసుకుని చూస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. పిల్ల చెంచా అంచు మీద ముక్కు పెట్టి దానంతట అదే తీసుకోవాలి. నోట్లోకి తోయకండి. నాలుగు ముద్దలు తిన్నాక అదే తిండి గిన్నెలో పెట్టి, గిన్నె అంచు మీద వేలితో టక్ టక్‌మని కొడుతూ గింజల్ని కదపండి. చాలా పిల్లలు వచ్చి ఆ వేలి పక్కనే ముక్కు పెడతాయి.

ఇంకొకటి, దాని ఎదురుగా మీరు తినండి. చిలుకలు గుంపుగా తినే పక్షులు, ఎవరైనా తింటుంటే వాటికీ తినాలనిపిస్తుంది. మీరు భోజనానికి కూర్చున్నప్పుడు పంజరాన్ని పక్కకి తెచ్చుకుని, దాని గిన్నె కూడా అప్పుడే నింపి పెట్టండి.

అలవాటు కొద్దీ అడుగుతోందా, నిజంగా ఆకలా అన్నది క్రాప్ చెబుతుంది. మెడ కింద ఛాతీ పైన వేలితో నెమ్మదిగా తాకితే, తిన్న పిల్లకి మెత్తగా ఉబ్బి, గింజలు వేలికి తగులుతాయి. పడుకునే ముందు క్రాప్ నిండి ఉంటే నిశ్చింతగా ఉండండి. చదునుగా ఉంటే బ్రీడర్‌కి ఆ రాత్రే ఫోన్ చేయండి. ఒకటి రెండు పూటలు ఫార్ములా పెట్టాల్సి వస్తే వాళ్లతోనే పెట్టించండి, లేదా డాక్టర్‌తో.

బరువు రోజూ చూడాలా? ఎలా?

రోజూ చూడాలి, కనీసం నెల రోజులు. ఈ పేజీలో ఒక్క సలహానే పాటిస్తామంటే దీన్నే పాటించమంటాను. పక్షి జబ్బుని దాచుకుంటుంది. ఈకలు ఉబ్బి ఉండటం వల్ల చిక్కిపోయినా పైకి కనపడదు. త్రాసు దాచదు.

వంటింట్లో వాడే ఒక గ్రాము తేడా చూపించే డిజిటల్ త్రాసు చాలు. దాని మీద చిన్న గిన్నె బోర్లించి, లేదా ఒక కర్ర నిలిపి, సున్నా చేసి పిల్లని ఎక్కించండి. పొద్దున లేచి మొదటి పెద్ద రెట్ట వేశాక, తిండి పెట్టకముందు చూడాలి. రోజూ అదే వేళకి చూసి నోట్‌బుక్‌లో రాయండి.

పెద్ద కాకటీల్ ఎక్కువగా 80 నుంచి 100 గ్రాముల మధ్య ఉంటుంది. మీ పిల్ల 90 గ్రాములతో వచ్చిందనుకుందాం. రోజుకి రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అవడం సహజం. మొదటి రెండు మూడు రోజులు కాస్త తగ్గినా కంగారు వద్దు. వరసగా తగ్గుతూ పోతే పైన చెప్పిన మెత్తని తిండి పెంచండి. 81 గ్రాములకి చేరితే, అంటే పదో వంతు పోతే, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఛాతీ మధ్య ఎముకని కూడా అప్పుడప్పుడు తాకి చూడండి. రెండు వైపులా కండ గుండ్రంగా ఉండాలి. ఎముక పదునుగా పొడుచుకొచ్చి పక్కలు లోపలికి పోయి ఉంటే త్రాసు లేకపోయినా విషయం అర్థమైనట్టే.

గిన్నె నిండా గింజలు ఉన్నాయి, అయినా బరువు తగ్గుతోంది. ఎందుకు?

ఒకసారి ఆ గిన్నె బయటికి తీసి మీద ఊదండి. కొర్రలు, సామల్లాంటి గింజల పొట్టు చూడటానికి గింజలాగే ఉంటుంది. పక్షి పప్పు తినేసి పొట్టు మళ్లీ గిన్నెలోనే వదిలేస్తుంది. పైనంతా పొట్టు పేరుకుని, గిన్నె నిండుగా, నిన్న పెట్టినట్టే కనిపిస్తుంది. అడుగున నాలుగు గింజలు ఉంటాయి. పెద్ద పక్షి తవ్వి వెతుక్కుంటుంది, పిల్లకి ఆ సంగతి తెలియదు. పొట్టుని రెండుసార్లు కొరికి, ఏమీ దొరక్క వదిలేస్తుంది. ఇలా నిండు గిన్నె ముందే పస్తులుండి చనిపోయిన పక్షులు ఉన్నాయి. పొద్దున, సాయంత్రం పొట్టు ఊదేసి కొత్త గింజలు వేయడం అలవాటు చేసుకోండి.

ఏమేం పెట్టాలి?

మొదటి రెండు వారాలు అది వచ్చినప్పుడు తింటున్నదే పెట్టండి, మార్పులు తర్వాత. బరువు నిలకడగా ఉందని తేలాక మెల్లగా పెల్లెట్స్, కూరగాయలు పెంచుతూ గింజలు తగ్గించండి. పెద్దయ్యాక సగానికి పైగా పెల్లెట్స్, మిగతా కూరగాయలు, కొన్ని గింజలు, కాస్త పండు అన్నది చాలామంది పక్షి డాక్టర్లు చెప్పే లెక్క. గింజలతోనే పెంచితే విటమిన్ ఎ తక్కువై ముక్కు, గొంతు జబ్బులు వస్తాయి, కాలేయం కొవ్వు పట్టేస్తుంది. పొద్దుతిరుగుడు గింజలు వాటికి ప్రాణం, అందుకే వాటిని గిన్నెలో పోయకుండా చేత్తో ఇచ్చే బహుమతిగా మాత్రమే ఉంచండి.

మన దగ్గర దొరికేవాటితోనే బాగా పెంచొచ్చు. మునగాకు రెమ్మలు పంజరానికి కట్టండి, ఆడుకుంటూ తింటాయి. తోటకూర, కొత్తిమీర, తురిమిన క్యారెట్, గుమ్మడి, బీన్స్, పచ్చి మొక్కజొన్న పెట్టొచ్చు. పాలకూర అప్పుడప్పుడు చాలు. మొలకెత్తిన పెసలు మంచివే, కానీ ఎండాకాలంలో రెండు గంటల్లో పాడవుతాయి, వాసన చూసి పెట్టండి. జామ, బొప్పాయి కొంచెం. పచ్చిమిరపకాయ పెడితే మండదా అని అడుగుతుంటారు. మనకి మంట పుట్టించే పదార్థం పక్షులకి తెలియదు, హాయిగా తింటాయి.

ఆకుకూరలు ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి, రెండు మూడు నీళ్లతో కడగండి. మార్కెట్ కూర మీద ఉండే పురుగుమందు మనకన్నా దానికే ఎక్కువ హాని చేస్తుంది.

ఏవి పెట్టకూడదు?

అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, మద్యం అసలు కూడదు. ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఆపిల్ గింజలు తీసేసి ముక్కలు పెట్టండి. చిప్స్, మిక్స్చర్, ఊరగాయ అన్నం లాంటి ఉప్పు తిండి ప్రేమతో కూడా పెట్టకండి. పాలన్నం మన ఇళ్లలో పాత అలవాటు, కానీ పాలలోని చక్కెర పక్షులకి అరగదు. వేరుశెనగ బూజు పట్టినా పైకి తెలియదు, ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. కాబట్టి అదీ మానేయడం మేలు. మీ నోట్లోది దానికి అందించడం కూడా ఆపండి. మన లాలాజలంలో ఉండే క్రిములు దానికి పడవు.

నీళ్లలో విటమిన్ చుక్కలు కలపాలా?

వద్దు. నీళ్ల రుచి మారి తాగడం తగ్గిస్తుంది, వేడికి ఆ నీళ్లలో క్రిములు పెరుగుతాయి. మంచినీళ్లు రోజుకి రెండుసార్లు మార్చండి, అంతే. కాల్షియం కోసం కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి ఎముక) ఒకటి కట్టి వదిలేయండి. ఇసుక, గ్రిట్ (సన్నటి రాతి పలుకులు) చిలుకలకి అవసరం లేదు, అవి గింజ పొట్టు తీసే తింటాయి.

పంజరం ఎలా ఉండాలి?

పెద్దదే కావాలి. కాకటీల్‌కి కనీసం రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు ఉంటే రెక్కలు చాచగలదు. ఊచల మధ్య అర అంగుళానికి కాస్త అటూ ఇటూగా ఉండాలి, తల దూరకూడదు. చవక రకం జీఐ (జింక్ పూసిన ఇనుము) పంజరాల పూతలోని జింక్‌ని కొరికి మింగితే విషమవుతుంది. పౌడర్ కోటింగ్‌దో స్టీల్‌దో కొనండి.

లోపల వేసే నున్నటి గుండ్రటి ప్లాస్టిక్ కర్రలు తీసేసి జామ కొమ్మలో వేప కొమ్మలో కడిగి, ఎండబెట్టి పెట్టండి. మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటే పాదాలకి మంచిది. గన్నేరు కొమ్మ ఎప్పుడూ వాడొద్దు, అది విషం. పిల్లకి ఇంకా నిలకడ రాలేదు కాబట్టి కొమ్మలు కిందగా కట్టండి. పడినా దెబ్బ తగలకుండా అడుగున మెత్తని గుడ్డ, దాని మీద కాగితం పరవండి. దారాలు ఊడే గుడ్డ వద్దు, గోళ్లు చిక్కుకుంటాయి.

పంజరం ఒక పక్క గోడకి ఆనేలా, మీ ఛాతీ ఎత్తులో, ఇంట్లో మనుషులు తిరిగే గదిలో ఉంచండి. వంటింట్లో, బాల్కనీలో వద్దు. బాల్కనీలో పిల్లులు, కాకులు, రాత్రిళ్లు ఎలుకలు వస్తాయి.

ఎండాకాలం, చలికాలం ఏం జాగ్రత్తలు?

ఈకలు పూర్తిగా వచ్చిన పిల్లకి 24 నుంచి 28 డిగ్రీల గది హాయిగా ఉంటుంది. మన అసలు బాధ ఎండలే. రెంటచింతల, రామగుండం, విజయవాడ వైపు మే నెలలో గది లోపల కూడా కాగిపోతుంది. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టిందంటే వేడి తట్టుకోలేకపోతోందని. వెంటనే చల్లటి గదిలోకి మార్చి, పాదాలు తడిపి, నీళ్లు అందించండి. ఐసు నీళ్లలో ముంచకండి. ఏసీ పర్వాలేదు, గాలి నేరుగా మీద పడకపోతే చాలు. కూలర్ గాలి కూడా అంతే.

చలి రాత్రుల్లో పంజరానికి మూడు వైపులా దుప్పటి కప్పండి. పొద్దుటి లేత ఎండ పావుగంట మంచిదే, సగం పంజరానికి నీడ ఉండాలి, మీరు పక్కనే ఉండాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ విటమిన్ డి ఇవ్వదు.

ఇంట్లో ఏవి ప్రమాదం?

అన్నిటికన్నా ముందు సీలింగ్ ఫ్యాన్. పిల్ల బయట ఉందంటే ఫ్యాన్ ఆగి ఉండాలి. ఇంట్లో అందరికీ తెలిసేలా స్విచ్ మీద టేప్ అంటించండి. బయటి నుంచి చెమటతో వచ్చినవాళ్లు అలవాటుగా స్విచ్ వేసేస్తారు.

తర్వాత పొగ. పక్షి ఊపిరి తీసే పద్ధతి మనకన్నా ఎంతో చురుకైనది, అందుకే గాలిలోని విషం కూడా దానికే ముందు ఎక్కుతుంది. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగకి వాసన కూడా సరిగ్గా తెలియదు, పక్షి నిమిషాల్లో చనిపోతుంది. పక్షి ఉన్న ఇంట్లో ఇనుప పెనం, స్టీల్ గిన్నెలు వాడటం మేలు. దోమల కాయిల్, ప్లగ్‌లో పెట్టే ద్రవం, బొద్దింకల స్ప్రే, రూమ్ ఫ్రెషనర్ ఏదీ ఆ గదిలో వద్దు. దోమల కోసం రాత్రి పంజరం మీద దోమతెర వేయండి. అగరుబత్తి, సాంబ్రాణి మానలేమంటే పూజ గది తలుపు మూసి, కిటికీ తెరిచి వెలిగించండి. దీపావళి రెండు రోజులు తలుపులు మూసిన లోపలి గదిలో ఉంచండి.

నీళ్ల బకెట్లు, తెరిచిన కమోడ్, కాగే నూనె, తెరలు లేని కిటికీ అద్దాలు మిగతావి.

రెట్ట చూసి ఏం తెలుసుకోవచ్చు?

అడుగున తెల్ల కాగితం పరిస్తే రోజూ తెలుస్తుంది. మామూలు రెట్టలో మూడు భాగాలు ఉంటాయి: పచ్చగానో గోధుమగానో చుట్టలా ఉండేది, తెల్లటి ముద్ద, చుట్టూ కొంచెం నీరు. ప్రయాణం చేసిన రోజు, పండు తిన్న రోజు నీరు ఎక్కువగా ఉండటం సహజం. తెల్లగా ఉండాల్సింది పసుపు, ఆకుపచ్చ రంగుకి మారినా, నల్లగా జిగురుగా వేసినా, రక్తం కనిపించినా, గింజలు అరగకుండా వచ్చినా, తిండి లేని చిన్న ముదురాకుపచ్చ చుక్కలే వేస్తున్నా డాక్టర్‌కి చూపించాలి. వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.

వేళ్లు కొరుకుతోంది. కోపమా?

కోపం కాదు. ఈ వయసులో ప్రతిదాన్నీ ముక్కుతోనే తెలుసుకుంటుంది. మీ వేలు, గోరు, ఉంగరం, చెవి కమ్మ అన్నీ దానికి కొత్త వస్తువులే. గట్టిగా నొక్కితే చేయి విదిలించకండి, అరవకండి. అరుపు దానికి సరదాగా ఉంటుంది, విదిలిస్తే పడి భయపడుతుంది. నిదానంగా వేలు తీసి, కొరకడానికి ఒక కాగితం ముక్కో తాటాకు ముక్కో చేతికివ్వండి. ఈకలు ముడుచుకుని, వెనక్కి వంగి, బుసకొడుతుంటే మాత్రం అది భయం. అప్పుడు చేయి పెట్టకుండా వదిలేయడమే మర్యాద.

ఎంతసేపు చేతిలో ఉంచుకోవచ్చు?

మొదటి వారం సెలవు పెట్టి రోజంతా భుజం మీదే ఉంచుకుని, సోమవారం ఆఫీసుకి వెళ్లిపోతే ఆ పిల్ల పరిస్థితి ఏమిటి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుస్తుంది. కొన్ని పక్షులు తమ ఈకలు పీక్కోవడం కూడా మొదలుపెడతాయి. కాబట్టి మీ మామూలు రోజుల్లో ఇవ్వగలిగినంతే మొదటి రోజు నుంచీ ఇవ్వండి. పొద్దున అరగంట, సాయంత్రం గంట అనుకుంటే అదే పాటించండి. మిగతా టైమ్‌లో పంజరంలో ఒక్కటే ఆడుకోవడం నేర్పాలి. కాగితంలో గింజలు చుట్టి, కొబ్బరి చిప్పలో ఆకు దోపి ఇవ్వండి. వెతుక్కుని తినే పని ఉంటే విసుగు ఉండదు.

నిద్ర 10 నుంచి 12 గంటలు కావాలి. టీవీ ఉన్న హాల్లో రాత్రి పదకొండు దాకా మెలకువగా ఉంచితే పొద్దున చిరాగ్గా ఉండి కొరుకుతుంది.

అర్ధరాత్రి ఉన్నట్టుండి రెక్కలు టపటపా కొట్టుకుంటోంది. ఏం చేయాలి?

కాకటీల్స్‌లో ఇది తరచుగా ఉంటుంది. చీకట్లో ఏదో చప్పుడుకి ఉలిక్కిపడి ఊచలకి కొట్టుకుంటాయి. లైట్ వేసి, దగ్గరికి వెళ్లి మెల్లగా మాట్లాడండి, చేయి పెట్టకండి. కుదుటపడ్డాక రెక్కల కింద రక్తం వస్తోందేమో చూడండి. రోజూ ఒక చిన్న నైట్ ల్యాంప్ వెలిగించి ఉంచితే చాలావరకు తగ్గిపోతుంది.

రెక్కలు కత్తిరించమంటున్నారు. కత్తిరించాలా?

ఎగరడం నేర్చుకునే వయసు ఇది. ఇప్పుడు కత్తిరిస్తే ఎగరబోయి రాయిలా పడి ఛాతీ ఎముకకి దెబ్బ తగులుతుంది, పిరికిగా ఉండిపోవచ్చు. ఎగరనివ్వండి, దిగడం నేర్చుకోనివ్వండి. తలుపులు, కిటికీలు మూయడం మన బాధ్యత. ఆరుబయటికి మాత్రం చేతి మీద పెట్టుకుని వెళ్లకండి. ఎంత మచ్చికైన పక్షైనా హారన్ మోతకి బెదిరి ఎగిరిపోతుంది. తిరిగొచ్చే దారి దానికి తెలియదు.

ఇంట్లో ఇంకో పక్షి ఉంది. ఒకే పంజరంలో పెట్టొచ్చా?

కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచాలి. ముందు పాత పక్షికి తిండి పెట్టి, చివర్లో కొత్తదాని పని చేసి చేతులు కడుక్కోండి. పైకి ఆరోగ్యంగా ఉన్న పిల్ల కూడా జబ్బు మోసుకొస్తుంది. అలాంటి జబ్బుల్లో కొన్ని మనుషులకీ అంటుకుంటాయి. పక్షి వచ్చాక ఇంట్లో ఎవరికైనా తగ్గని జ్వరం, దగ్గు ఉంటే డాక్టర్‌కి ఇంట్లో చిలుక ఉందని తప్పకుండా చెప్పండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? పక్షుల డాక్టర్ ఎక్కడ దొరుకుతారు?

జబ్బు చేశాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. పిల్లని తేకముందే నంబర్ సంపాదించి, వచ్చిన వారంలోపు ఒకసారి చూపించి రెట్ట పరీక్ష చేయించండి. కుక్కలు, పశువుల్ని చూసే డాక్టర్లందరికీ పక్షులతో అనుభవం ఉండదు, ఫోన్ చేసి అడిగి వెళ్లండి. మీ ఊళ్లో ఎవరూ లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లో విచారించండి.

ఈకలు ఉబ్బించి కళ్లు మూసుకుని కూర్చోవడం, పంజరం అడుగున ఒదిగిపోవడం, ఊపిరికి తోక కిందకీ మీదకీ ఊగడం, వాంతి, పొద్దున లేచేసరికి కూడా క్రాప్ ఖాళీ కాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగకండి. వెళ్లేలోపు చిన్న పెట్టెలో గుడ్డ పరిచి, 30 డిగ్రీల చుట్టూ వెచ్చగా ఉంచండి. షాపులో ఇచ్చే యాంటీబయాటిక్ పొడి నీళ్లలో కలిపి చూద్దాం అనుకోవద్దు. జబ్బేంటో తెలియకుండా మందు వేస్తే పరీక్షల్లో కూడా ఏదీ తేలదు.

ఎప్పుడు మాట్లాడుతుంది?

కాకటీల్ మగ పిల్లలు నాలుగైదు నెలలు దాటాక ఈల పాటలు మొదలుపెడతాయి, కొన్ని మాటలూ వస్తాయి. ఆడవి చాలావరకు మాట్లాడవు. ఆఫ్రికన్ గ్రే ఏడాది దాకా వినడంతోనే సరిపెట్టొచ్చు. మాట్లాడని పక్షి కూడా మీరు గుమ్మంలోకి రాగానే పిలుస్తుంది. దానికి ప్రతిసారీ బదులివ్వండి.

మా చెట్టు మీంచి రామచిలుక పిల్ల పడింది. ఇలాగే పెంచుకోవచ్చా?

పెంచుకోకూడదు. రామచిలుకలు, మన దేశపు చిలుకలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. వాటిని పట్టడం, కొనడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. సంతలో బుట్టలో తెచ్చి అమ్మే పచ్చ చిలుక పిల్లలన్నీ గూళ్లలోంచి తీసినవే, జాలిపడి కొన్నా ఆ వ్యాపారం పెరుగుతుంది. పడిన పిల్లకి దెబ్బ లేకపోతే, గూడు అందితే తిరిగి పెట్టేయండి. మనిషి తాకితే తల్లి దగ్గరికి రాదన్నది నిజం కాదు. గూడు అందకపోయినా, దెబ్బ తగిలినా గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి అటవీ శాఖకి ఫోన్ చేయండి.

కాకటీల్, బడ్జీ విదేశీ జాతులు. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం జాబితాలో వీటి పేరు లేదు. సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే, మకావ్‌ల పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి. వాటిని పెంచేవాళ్లు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కొనేటప్పుడే బ్రీడర్ దగ్గర ఆ పక్షి నమోదు కాగితాలు, కాలి రింగ్ నంబర్ అడిగి తీసుకోండి. కాగితాలు తర్వాత పంపిస్తానంటే, అవి చేతికొచ్చాకే పిల్లని తెచ్చుకోండి.